వేలెడు లేపి ఆగు

మా బావ పోయాడు. ఇవాళ్టికి పదమూడు రోజులు. సూర్యాపేటలో బెజవాడ రోడ్డు పక్కన, ఇంటి ఆవరణలోనే పెట్టుకున్న కార్ఖానాలో, తన చేత్తో నిలబెట్టిన దూలానికి ఎదురుగా ఒక రాతి మీద కూర్చుని, వేళ్ళ మధ్య సగం కాలిన చుట్టతో పోయాడు. ఆ సమయాన ఆయనకు నాలుగడుగుల దూరంలో గొలుసు పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేనే. అయినా నాకు తెలియలేదు.

ఎట్లా తెలియలేదని మీరు అడుగుతారు. చుట్టాలందరూ అడిగారు. మా కార్ఖానాలో ఒక కట్టుబాటు ఉంది. ఎంతటి బరువైనా సరే, ముందు నేల మీదనుంచి వేలెడు ఎత్తు లేపాలి. లేపి ఆగాలి. బావ చుట్ట ముట్టిస్తాడు. అది కాలి అయిపోయేదాకా ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు, బరువు మీదనుంచి చూపు తిప్పకూడదు. చుట్ట అయిపోయాక ఆయన "ఊఁ" అంటాడు. అప్పుడు మళ్ళీ గొలుసు లాగాలి. ఆ రోజు పొద్దున మిర్యాలగూడ రైసుమిల్లు ఇంజనును వేలెడు లేపాము. ఆయన చుట్ట ముట్టించాడు. నేను ఇంజనునే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపయింది. "బావా, గుంజాల్నా?" అన్నాను. పలకలేదు. ఇంకా ఆగమంటున్నాడు కాబోలు అనుకున్నాను. అక్క మజ్జిగ చెంబుతో వచ్చి, చెంబు జారవిడిచి కేక పెట్టేదాకా నేను అట్లా ఇంజను వైపే చూస్తూ ఆగాను.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పేరు మోసినవాడు కాదు, సభల్లో కూర్చున్నవాడు కాదు. కానీ ఒక మనిషి తను చేసిన తప్పుతో ఏం చేయగలడో నేను కళ్ళారా చూశాను. చూసినవాడు చెప్పకపోతే అది కూడా తప్పే.

మా బావ హైదరాబాదులో రైలు కార్ఖానాలో ఫిట్టరుగా పదేళ్ళు చేసి, అక్కడి దొరతో మాటా మాటా పెరిగి పనిముట్లు మూట కట్టుకుని సూర్యాపేట వచ్చేశాడు. ఇంటి వాకిట్లోనే కొలిమి పెట్టాడు. బావుల మీది ఆయిలింజన్లు, మిల్లుల ఇంజన్లు, యుద్ధం రోజుల్లో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సుల ఇంజన్లు బాగుచేసేవాడు. ఇంజను మీద అరచెయ్యి పెట్టి, పిల్లవాడికి జ్వరం చూసినట్టు కాసేపు చూసి, రోగమేమిటో చెప్పేవాడు. చదువు తక్కువ. చేతుల్లో ఉన్నంత తెలివి మాత్రం నేను చదువుకున్నవాళ్ళ తలల్లో కూడా చూడలేదు.

ఒక్కటే లోపం, తొందర. "ఆలస్యం అమృతం విషం" అన్నది ఆయన నోట రోజుకు పదిసార్లు వచ్చేది. బీడీ రెండు పీల్పుల్లో అవగొట్టేవాడు. అన్నం నమిలేవాడు కాదు. "కోడికి గింజలేసినట్టున్నది నీ తిండి" అనేది మా అక్క. వాళ్ళ పెళ్ళిలో అయ్యగారు మంత్రం సగంలో ఉండగానే తాళి కట్టబోతే, మా నాయన చెయ్యి పట్టుకుని ఆపాడట. ఆ మాట అంటే బావ సిగ్గుపడేవాడు కాదు. "మంచి పిల్ల దొరికినంక ఆగుతరా?" అనేవాడు.

నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. యుద్ధం ముగిసిన మరుసటేడు, వానాకాలం, మిర్యాలగూడ మిల్లు నుంచి ఒక పెద్ద ఇంజను బండి మీద వచ్చింది. దాన్ని బండి మీదనుంచి రాతి దిమ్మె మీదికి దించాలి. అప్పుడు మాకున్న సాధనమల్లా మూడు వాసాలు పైన ముడివేసి నిలబెట్టి, దానికి ఒక గిలక, గిలక మీదుగా మోకు. మోకు పట్టడానికి ఎనిమిది మందిమి. రెండు రోజులుగా ముసురు. మోకు మీద చెయ్యి వెయ్యగానే నాకు అనుమానం వచ్చింది.

"బావా, మోకు నానింది. నారలు లేస్తున్నయ్ సూడు. జర ఆగుదాం, వేరే మోకు తెస్త" అన్నాను.

"ఆగితే పొద్దుగుంకుతది. ఏం కాదు, గుంజుండ్రి!"

గుంజాము. ఇంజను బండి మీదనుంచి లేచింది. బండి తప్పించారు. మోకు తెగింది. ఏడుగురు పక్కకు దూకారు. నా కాలు బురదలో దిగబడి ఉంది.

సూర్యాపేట దవాఖానలో కట్టుకట్టి హైదరాబాదు పంపారు. కాలు తీసెయ్యలేదు. అంతే, దాని గురించి చెప్పుకోదగ్గ మంచి మాట అదొక్కటే. మోకాలు వంగదు, పాదం మీద బరువు ఆనదు. మూడు నెలల తరువాత అక్క నన్ను తన ఇంటికే తెచ్చి వసారాలో మంచం వేసింది. ఎదురుగా వాకిట్లో తాటాకు తడిక కింద ఆ ఇంజను, పడినచోటే ఉంది. దాన్ని లేపడానికి మళ్ళీ ఎవరూ రాలేదు. పనివాళ్ళు చెదిరిపోయారు. నాకప్పటికి ఇరవై ఆరేళ్ళు. కుంటికాలివాడికి ఇంజన్ల పని ఎవరిస్తారు? ఏ పని ఇస్తారు? అక్క పెట్టే తిండి తింటూ ఆ మంచం మీదే ముసలివాణ్ణి అవుతానని అనుకున్నాను. బావతో మాట్లాడటం మానేశాను.

ఆయన తప్పయిందని అనలేదు. పొద్దున్నే గ్లాసుతో చాయ తెచ్చి మంచం పక్కన పెట్టి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయేవాడు. నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, కూరలో ఉప్పు తక్కువైందని, నీళ్ళు చల్లగా లేవని అక్క మీద అరిచేవాణ్ణి. ఆమె పాపం ఇద్దరి మధ్యా నలిగింది. ఇంతలో నేను ఒకటి గమనించాను. బావ నోట "ఆలస్యం అమృతం" వినబడటం లేదు. బీడీలు మాని చుట్టలు మొదలుపెట్టాడు. ఎందుకని అక్క అడిగితే, "బీడీ తొందరగ అయిపోతది" అన్నాడు.

తరువాత ఒకరోజు వాకిట్లోకి మద్ది దుంగలు వచ్చాయి. వడ్రంగి పని చేసే వడ్ల తాత ఒకాయన, మా వాడలో సగం ఇళ్ళ తలుపులు ఆయన చేసినవే, బాడిసె పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కలిసి రెండు జతల కాళ్ళు చేశారు. ఒక్కో జత, కాళ్ళు ఎడంగా చాపి నిలబడ్డ మనిషిలాగా ఉంది. ఆ రెండు జతలనూ పన్నెండడుగుల దూరంలో నిలబెట్టి, పైన అడ్డంగా దూలం వెయ్యాలని, దూలానికి కొక్కెం వేలాడదీయాలని ఆలోచన. రైలు కార్ఖానాలో ఇట్లాంటివి ఇనుముతో చేసినవి చూశాడట. అక్కడ దాన్ని నడిపేందుకు దొరలు, లెక్కలు, నక్షాలు. ఇక్కడ ఒక బాడిసె, ఒక కొలిమి, ఇద్దరు మనుషులు.

దూలం ఎక్కీ ఎక్కకముందే వాడలో మాట పుట్టింది. రెండు స్తంభాలు, పైన అడ్డదూలం, నడుమ కొక్కెం. "ఉరికొయ్య లేపుతున్నడు" అన్నారు. ఊళ్ళన్నీ అల్లకల్లోలంగా ఉన్న రోజులు. పొరుగింటామె మా అక్కతో మాట్లాడటం మానేసింది. నాకు లోలోపల సంతోషమైంది. నాలుగు నెలల తరువాత మొదటిసారి, మంచం మీదనుంచే ఆయనతో మాట్లాడాను.

"ఎవలకు ఉరి, బావా?"

ఆయన నా వైపు చూడలేదు. మేకు కొడుతున్నవాడు కొడుతూనే ఉన్నాడు. కొట్టడం అయ్యాక అన్నాడు.

"నా తొందరకు."

నేను మళ్ళీ గోడ వైపు తిరిగాను. కానీ ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

మొదటి దూలం తాటి దూలం. మా వైపు ఏ ఇల్లు చూసినా నెత్తిన మోసేది తాటి దూలమే కదా. "తాతలనాటి ఇండ్లు నిలవడ్డయ్ దీని మీద. నూరేండ్లు మోస్తది" అన్నాడు వడ్ల తాత. బావ కూడా నమ్మాడు. నమ్మకుండా ఉండేదెవరు? మరి బరువు పెట్టి చూడాలి. ఇంజను పెట్టి చూసే ధైర్యం లేదు. బావ వాడంతా తిరిగి రోళ్ళు అడిగాడు. ఉరికొయ్య అన్నవాళ్ళే, వినోదం చూద్దామని కాబోలు, దొర్లించుకుంటూ తెచ్చారు. పదిహేడు రోళ్ళు, నాలుగు తిరగళ్ళు. అన్నిటినీ ఇనుప పట్టీలతో ఒక మంచె మీద కట్టి, గడకర్రలతో లేపి కొక్కేనికి తగిలించారు. దూలం కిర్రుమంది. నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పూట మా వాడలో ఒక్క ఇంట్లోనూ రోటి పచ్చడి లేదు.

పాత బావ అయితే మరుక్షణం ఇంజను తగిలించేవాడు. ఈయన దూలం నడుమ నుంచి ఒక దారం వేలాడదీసి, దాని చివర మేకు కట్టి, మేకు మొన ఎక్కడుందో పక్కన కర్ర పాతి దాని మీద సుద్దతో గీత గీశాడు. "రేపు పొద్దుగాల సూద్దాం" అన్నాడు. ఆడవాళ్ళు గొణిగారు. తెల్లవారి చూస్తే మేకు గీత దాటి నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉంది. దూలం నడుము వంగిపోయింది.

"ఇంటికి నూరేండ్లు మోసేది దీనికి ఒక్క పూట మొయ్యదాయె!" అన్నాడు వడ్ల తాత, కళ్ళనీళ్ళ పర్యంతమై.

"ఇంటికప్పు ఒక్కతీరుగ పరుసుకోని పంటది తాతా. దీనికి నడుమల ఏనుగు కూసుంటది. నీ తప్పు కాదు. లేసిందని మనం సంబరపడ్డం. ఆగినంక ఏమంటదో ఇనలే" అన్నాడు బావ.

ఆ మాట ఆయనకు ఆయనే చెప్పుకున్నట్టుంది. వేలెడు లేపి ఆగమన్న కట్టుబాటు ఆ పొద్దున పుట్టింది. పొరుగింటామె తన రోలు తీసుకుపోతూ, "మా రోలును ఉరేసి మళ్ళ ఇడిసినవ్, పుణ్యముంటది" అంటే, చాలా రోజుల తరువాత బావ నవ్వాడు.

తాటిది పనికిరాదు, ఇనుప దూలం కావాలి. మిర్యాలగూడలో మూతపడ్డ పత్తి మిల్లు ఒకటి కూలిపోయి ఉందని, అందులో ఇనుప దూలాలు మట్టిలో పడి ఉన్నాయని విన్నాడు. బండివాణ్ణి తోడు తీసుకుని వెళ్ళాడు. దూలం పొడుగు పదహారడుగులు, ఒక బండి మీద ఆగదు. రెండు బండ్లను ముందూ వెనకా కట్టి, ఒకే దూలాన్ని రెండింటి మీద ఆనించి తెచ్చాడు. మూసీ ఇసుకలో వెనక బండి దిగబడితే, ఎడ్లను కొట్టవద్దని బండివాడి చేతిలోంచి చర్నాకోల గుంజుకున్నాడట. ఇసుక చేతులతో తోడి, తాటాకులు పరిచి, అంగుళం అంగుళం దాటించాడట. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చినప్పుడు ఆయన అరికాళ్ళు పగిలి నెత్తురు కారుతున్నాయి. మంచం మీదనుంచి చూశాను. ఎందుకింత పడుతున్నాడని మొదటిసారి అనిపించింది.

ఆ తరువాత గొలుసు కప్పీ. అది ఇనుప పెట్టెలాంటిది, లోపల పళ్ళచక్రాలు. దానికి వేలాడే గొలుసును ఒక వైపు లాగితే బరువు పైకి, మరో వైపు లాగితే కిందికి. చెయ్యి తీసేస్తే ఎక్కడి బరువు అక్కడే ఆగుతుంది. ఎనిమిది మంది లేపే బరువును ఒక్క మనిషి లేపుతాడు. బెజవాడలో పాతది దొరికితే, ఒక బస్సు డ్రైవరు కోదాడ దాకా తెచ్చాడు. "గొలుసు మెలిపడకుండా పట్టుకెళ్ళండి, మేస్త్రీగారూ. మెలిపడిందంటే మీ మాటా వినదు, నా మాటా వినదు" అని చెప్పి అప్పగించాడట.

అక్కణ్ణించి ఇంకో బస్సులో వస్తుంటే, మునగాల దాటాక సుంకం నాకా దగ్గర జవాను ఆపాడు. మూటలో అంత ఇనుము చూసి, తుపాకీ సామానా ఏమిటని నిలదీశాడు. బావ పక్కనే ఉన్న చింతకొమ్మకు కప్పీ కట్టి, వడ్ల బస్తాలున్న బండి ఒకటి ఆగి ఉంటే దాని వెనక భాగానికి కొక్కెం తగిలించి, గొలుసు జవాను చేతికిచ్చాడు. "మీరే గుంజుండ్రి సాబ్." జవాను ఒంటిచేత్తో లాగాడు. నిండు బండి వెనక చక్రాలు... అదేనండీ, బండికున్న రెండు చక్రాలూ నేల వదిలి లేచాయి. జవాను గొలుసు వదలక నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తరువాత ఇంకోసారి లేపుతానన్నాడు. ఆ పైన మరొకసారి. ఆయన సరదా తీరేసరికి బస్సు వెళ్ళిపోయింది. బావ సూర్యాపేట దాకా ఆ బండి మీదే వచ్చాడు. ఈ కథ ఆయన అక్కకు చెబుతుంటే వసారాలో పడుకుని వింటూ నేను దుప్పటి కింద నవ్వాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కునుకు తీస్తుంటే భుజం మీద దారం తగిలింది. కళ్ళు కొద్దిగా తెరిచి చూశాను. బావ మంచం పక్కన ఒంగి, నా భుజం నుంచి మణికట్టు దాకా దారంతో కొలుస్తున్నాడు. తరువాత మంచం ఎత్తు కొలిచాడు. పాడెకు కొలత తీస్తున్నాడేమో అనుకుని కళ్ళు మూసుకున్నాను.

ఇనుప దూలం ఎక్కింది. కాళ్ళ కింద చిన్న ఇనుప చక్రాలు, చక్రాల కింద రాతి పలకలు. బరువు లేనప్పుడే ఆ చట్రాన్ని జరపాలి. బరువు తగిలించాక చట్రం కదలకూడదు, బండే దాని కిందికి రావాలి. ఇది రెండో కట్టుబాటు. రోళ్ళు మళ్ళీ వచ్చాయి. మూడు రోజులు వేలాడాయి. సుద్దగీత దగ్గర మేకు వెంట్రుకవాసి కదలలేదు.

ఇంజను లేపే రోజు వాడంతా వచ్చింది. మిర్యాలగూడ నుంచి మిల్లు సేటు వచ్చాడు. పాత పనివాళ్ళు కూడా వచ్చారు గానీ ప్రహరీ లోపలికి అడుగు పెట్టలేదు. బావ నా మంచం దగ్గరికి వచ్చాడు.

"లే, బామ్మర్ది. పనున్నది."

"నాకేం పని?"

నన్ను భుజాన ఆనించుకుని తీసుకుపోయి ఒక ముక్కాలి పీట మీద కూర్చోబెట్టాడు. కప్పీ గొలుసు సరిగ్గా నా చేతికి అందేటట్టు వేలాడుతోంది. కూర్చున్నవాడి చేతికి. నిలబడినవాడు లాగాలంటే ఒంగాలి. అప్పుడు అర్థమైంది నాకు ఆ దారం కొలత. గొలుసు పట్టుకున్నాను.

"గుంజు" అన్నాడు.

లాగాను. గలగలమంటూ గొలుసు కదిలింది. నా కాలు మింగిన ఇంజను, నేను రోజూ చూసి తిట్టుకున్న ఇంజను, నా ఒంటిచేతికి లొంగి మట్టిలోంచి లేచింది. వేలెడు లేచాక ఆపమన్నాడు. రాతి మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. అంతమంది జనం, ఒక్కరు మాట్లాడలేదు. చుట్ట అయ్యాక "ఊఁ" అన్నాడు. ఛాతీ ఎత్తుకు లేపాను. అందరూ అయిపోయిందనుకున్నారు. బావ చాప తెచ్చి ఇంజను కింద పరుచుకున్నాడు. కూర్చున్నాడు. అక్కను పిలిచాడు.

"అన్నం పెట్టు."

అక్క కదలలేదు. "నీకు పిచ్చి లేసిందా? ఇవతలికి రా!"

"చేసినోడు కింద కూసోకుంటే, పని చేసేటోల్లు దగ్గరికెట్లొస్తరు? పెట్టు. ఆకలైతుంది."

ఆమె ఏడుస్తూనే ఇత్తడి పళ్ళెంలో అన్నం, పచ్చిపులుసు తెచ్చి చెయ్యి చాపి లోపలికి జరిపింది. నా చేతిలో గొలుసు ఉంది. ఒక వైపు లాగితే పైకి. మరో వైపు లాగితే మా బావ మీదికి. నన్ను కుంటివాణ్ణి చేసిన మనిషి, నాలుగు నెలలు నేను పలకరించని మనిషి, నా చేతి కింద తల పెట్టి అన్నం కలుపుకుంటున్నాడు. పట్టు మార్చుకున్నాను. గొలుసు గలగలమంది. ఆయన తలెత్తలేదు. ముద్ద తరువాత ముద్ద, నెమ్మదిగా నమిలి తిన్నాడు. ఆయన అన్నం నమలడం నేను చూసింది అదే మొదలు. సగం తిన్నాక, పళ్ళెం వైపే చూస్తూ, అందరికీ వినబడేటట్టు అన్నాడు.

"బామ్మర్ది. మోకు నానిందని నువ్వు సెప్పినవ్. నేనినలే. తప్పు నాది."

తరువాత అక్క వైపు తిరిగి, "ఇంకింత పచ్చిపులుసు పొయ్యి" అన్నాడు.

నేను ఏడ్చాను. అంతమందిలో, పీట మీద కూర్చుని, గొలుసు వదలకుండా ఏడ్చాను. మనుషులు క్షమించమని అడగడం చూశాను, కాళ్ళు పట్టుకోవడం చూశాను. తన ప్రాణాన్ని తెచ్చి ఎదుటివాడి చేతిలో పెట్టి, తాపీగా భోజనం చేసినవాణ్ణి ఆయననొక్కణ్ణే చూశాను. పళ్ళెం కడిగాక బావ దూలం కింద నేల మీద సున్నంతో గీత గీసి, "ఈ గీత లోపల కూసున్నది నేనొక్కన్నే, గీ ఒక్కసారే. ఇగ ఎవ్వలు రావద్దు" అన్నాడు. ప్రహరీ బయట నిలబడ్డ పనివాళ్ళు మరునాడు పనిలోకి వచ్చారు.

అప్పటినుంచి మొన్నటిదాకా గొలుసు నాదే. నిడమనూరు నుంచి, హాలియా నుంచి, కోదాడ నుంచి ఇంజన్లు వచ్చేవి. ఉరికొయ్య పేరు మాసిపోయింది. ఒకసారి ఊరి పక్క తండాలో పాడుబడ్డ చేదబావిలో బర్రె పడింది. పాడిబర్రె. చట్రాన్ని విప్పి రెండు బండ్ల మీద వేసుకుపోయి బావి మీద నిలబెట్టాము. తండా మనిషి బావిలోకి దిగి బర్రె పొట్ట కింద పట్టాలు వేశాడు. నేను వేలెడు లేపాను. బావ చుట్ట ముట్టించాడు. బర్రె గలామె నెత్తి కొట్టుకుంటోంది, "తొందరగ గుంజు అన్నా, సచ్చిపోతది!" అని. ఆయన కదలలేదు. నాకే కోపం వచ్చింది. చుట్ట సగమయ్యేసరికి వెనక పట్టా జారడం మొదలైంది. దించి, మళ్ళీ కట్టి, మళ్ళీ లేపి, మళ్ళీ ఇంకో చుట్ట. బర్రె బతికి బయటపడింది. తిరిగి వస్తుంటే, "ఆమె ఏడుపు ఇని గూడ ఎట్లాగినవ్ బావా?" అని అడిగాను.

"ఒకసారి ఆగకపోతి గద" అన్నాడు.

మా మధ్య ఆ మాట వచ్చింది అదే ఆఖరు. మిగతా అంతా వేళాకోళమే. నేను కూర్చుని పని చేస్తానని నన్ను "తహసీల్దారు" అని పిలిచేవాడు. "తహసీల్దారు గారు గొలుసు మీద దస్కతు పెడితేగాని ఇంజను లేవదు" అని వచ్చినవాళ్ళకు చెప్పేవాడు. నేను ఆయన్ను నత్తబావ అనేవాణ్ణి. నవ్వేవాడు.

ఇక ఈ పన్నెండు రోజుల సంగతి. ఆయన పోయిన నాటి నుంచి ఇంజను వేలెడు ఎత్తులో అట్లాగే వేలాడుతూ ఉంది. చూడవచ్చినవాళ్ళు చూసి, అశుభం, దించెయ్యమన్నారు. నేను గొలుసు ముట్టుకోలేదు. అక్క రోజూ వాకిలి ఊడుస్తూ ఇంజను కిందికి పొరక పోనిచ్చి, ఆకులు లాగి ఊడ్చేది. మిర్యాలగూడ సేటు వచ్చి, రాతి ఎదుట కాసేపు కూర్చుని, తొందరేం లేదని చెప్పి పోయాడు. వడ్లు మిల్లు ముందు గుట్టలుగా పడి ఉన్నాయని నాకు తెలుసు. ఈ దూలం కింద మొదట లేచింది ఈ ఇంజనే. మళ్ళీ మరమ్మత్తుకు వచ్చింది.

నిన్న పొద్దున అక్కతో చెప్పాను. "నాతోని కాదక్కా. దించేస్త. సేటును తోలుకపొమ్మంట. ఇగ కార్ఖానా బంద్ చేద్దాం. ఆగు అనెటోడు లేంది నాకు ధైర్యం లేదు."

అక్క లోపలికి పోయి పొగాకు డబ్బా తెచ్చింది. అందులో సగం కాలిన చుట్ట ఉంది. ఆ రోజు ఆయన వేళ్ళ మధ్య నుంచి తీసి దాచిందట.

"సగమే ఆగిండు. ఆయన ఏ పని సగంల ఇడిసిపెట్టలే. మిగిలిన సగం నువ్వాగు" అంది.

పీట మీద కూర్చున్నాను. నాకు చుట్ట అలవాటు లేదు. అక్క కొలిమిలోంచి నిప్పు తెచ్చింది. మొదటి పీల్పుకే దగ్గు తెర వచ్చి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఈ పన్నెండు రోజుల్లో మొదటిసారి అక్క పెదవి మీద నవ్వు కనిపించింది. ఇంజను మీద చూపు నిలిపాను. మేకు మొన సుద్దగీత మీదే ఉంది. పన్నెండు రోజుల బరువు, వెంట్రుకవాసి దిగలేదు. ఎట్లా చేశావు బావా అనుకున్నాను. చుట్ట నెమ్మదిగా కాలింది. చివరికి వేళ్ళు చురుక్కుమంటే కింద పడేశాను. గొలుసు పట్టుకున్నాను. లాగలేకపోయాను. లాగమనే మాట రాలేదు కదా.

వెనక నుంచి అక్క, "ఊఁ" అంది.

లాగాను. గలగలమంటూ ఇంజను లేచింది. పన్నెండు రోజులుగా దాని నీడలో ఉన్న నేల మీదికి ఎండ వచ్చింది. అక్క పొరక గీతలు చారలు చారలుగా కనిపించాయి. ఎదుటి రాతి వైపు మాత్రం నేను చూడలేదు. బరువు లేస్తున్నప్పుడు చూపు తిప్పకూడదని మా కార్ఖానా కట్టుబాటు. చుట్ట వాసన ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంది.